దినం గడవదు, ఏడాది నిలవదు: వయసుతో కాలం ఎందుకు ఉరుకుతుంది?

కృష్ణా పుష్కరాలు ఎప్పుడయ్యాయని బీచుపల్లి, రంగాపూర్, వాడపల్లి రేవుల చుట్టుపక్కల యాభై దాటినవాళ్లను అడిగితే “మొన్నమొన్ననే అయినట్టుంది” అన్న మాట తరచుగా వినిపిస్తుంది. అవి జరిగింది 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు. ఆ రోజుల్లో తాత భుజమెక్కి వచ్చి నీళ్లలో మునిగిన నాలుగేళ్ల పిల్లకు మాత్రం అది ఏనాటిదో. ఆ తర్వాతే ఆమె బడిలో చేరింది, చదవడం నేర్చింది, పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి, సైకిల్ తొక్కింది. నది అదే, నడుమ గడిచిన రోజుల లెక్కా అదే. ఒకరికి అది పిడికెడు, ఇంకొకరికి బండెడు.

ఈ తేడాకు ఎక్కువమంది చెప్పే కారణం ఒకటుంది. పదేళ్ల పిల్లకు ఒక ఏడాది అంటే జీవితంలో పదో వంతు. యాభై ఏళ్ల మనిషికి యాభయ్యో వంతు. అందుకే చిన్నగా కనిపిస్తుంది అని. ఇది కొత్త మాటేమీ కాదు. ఫ్రెంచి తత్వవేత్త పాల్ జానే 1877లోనే చెప్పాడు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లో దాన్ని ప్రస్తావిస్తూ, ఇది జరుగుతున్నదాన్ని వర్ణిస్తుందే తప్ప ఎందుకు జరుగుతుందో చెప్పడం లేదన్నాడు. ఆ అభ్యంతరం ఇప్పటికీ బలంగానే ఉంది.

లెక్కగా చూస్తే మాత్రం ఈ సిద్ధాంతం ముచ్చటగా ఉంటుంది. నిష్పత్తినే నమ్మితే 5 నుంచి 10 ఏళ్ల వరకు, 10 నుంచి 20 వరకు, 20 నుంచి 40 వరకు, 40 నుంచి 80 వరకు ఉన్న నాలుగు దశలూ మనసుకు సమానమైన పొడవే. అంటే ఎనభై ఏళ్లు బతికే మనిషికి ఇరవై నిండేసరికే సగం జీవితం అయిపోయినట్టు. 1975లో రాబర్ట్ లెమ్లిక్ అనే పరిశోధకుడు ఈ లెక్కను కొంత మార్చాడు. పోల్చుకునేది గడిచిన అసలు ఏళ్లతో కాదు, గడిచినట్టు అనిపించిన ఏళ్లతో అన్నాడు. అప్పుడు, అనిపించే వయసు అసలు వయసు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుందనే సూత్రం వస్తుంది. దాని ప్రకారం కూడా ఎనభై ఏళ్ల జీవితంలో సగం ఇరవయ్యో ఏటికే ముగుస్తుంది. సూత్రాలు రెండూ అందంగానే ఉన్నాయి. మనుషులను కూర్చోబెట్టి అడిగితే మాత్రం జవాబులు ఈ సూత్రాలకు లొంగవు.

మార్క్ విట్‌మన్, సాండ్రా లేన్‌హాఫ్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో జర్మనీ, ఆస్ట్రియాలకు చెందిన 499 మందిని అడిగారు. వాళ్ల వయసు 14 నుంచి 94 దాకా. పోయిన వారం ఎంత వేగంగా గడిచింది? పోయిన నెల? పోయిన ఏడాది? పోయిన పదేళ్లు? వారం, నెల, ఏడాది విషయంలో వయసును బట్టి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కుర్రవాళ్లూ ముసలివాళ్లూ అందరూ “తొందరగానే గడిచింది” అన్నారు. తేడా కనిపించింది పదేళ్ల ప్రశ్న దగ్గర. అక్కడ వయసు పెరిగేకొద్దీ వేగం పెరిగింది, అదీ యాభైల దాకా మాత్రమే; తర్వాత దాదాపు నిలిచిపోయింది. ఆ ప్రభావం కూడా చిన్నదే. జవాబుల్లో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో వయసు వల్ల వచ్చింది మహా అయితే పదో వంతు.

నిష్పత్తి సిద్ధాంతం ఇక్కడే చతికిలబడుతుంది. యాభయ్యో వంతు అన్నదే కారణమైతే వారం కూడా కురచ కావాలి, రోజు కూడా కురచ కావాలి, తొంభై ఏళ్లవారికి అరవై ఏళ్లవారికంటే ఇంకా వేగంగా గడవాలి. అలా జరగడం లేదు. 2020లో కరోనా లాక్‌డౌన్ సమయంలో బ్రిటన్‌లో రూత్ ఆగ్డెన్ చేసిన సర్వేలో ఐదుగురిలో నలుగురికి పైగా కాలం నడక మారినట్టుందని చెప్పారు. రోజు నెమ్మదిగా గడుస్తోందన్నవారిలో వయసు మళ్లినవారు, ఒత్తిడిలో ఉన్నవారు, చేయడానికి పని లేనివారు, నలుగురితో కలవలేకపోతున్నామని కుమిలేవారు ఎక్కువ. వయసు పెరిగితే కాలం పరుగెత్తి తీరాలన్న నియమమే ఉంటే ఆ పెద్దలకు రోజులు ఎందుకు గడవలేదు?

చిక్కు ఎక్కడుందంటే, కాలం అనే ఒకే మాట కింద రెండు వేరు పనులను కలిపేస్తున్నాం. గడుస్తుండగా తెలిసే కాలం ఒకటి, వెనక్కి తిరిగి చూస్తే కనిపించే కాలం ఇంకొకటి. మొదటిదాన్ని ధ్యాస కొలుస్తుంది. గడియారం వైపు చూపు ఎంత పోతే అది అంత సాగుతుంది. రెండోదాన్ని జ్ఞాపకం కొలుస్తుంది. విడివిడిగా గుర్తున్న సంగతులు ఎన్ని ఉంటే అది అంత పొడవు. ఈ రెండూ తరచుగా ఎదురు దిక్కుల్లో నడుస్తాయి.

పోచంపల్లి, ఆలేరు వైపు చేనేత ఇళ్లలో ఆసు పోసే పనే చాలు దీన్ని అర్థం చేసుకోవడానికి. చీరకు రంగులద్దే ముందు నూలును కొయ్యల మీదుగా అటూ ఇటూ పోయాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. భుజం గుంజుతుంది, చూపు ఆగుతుంది, పొద్దు కదలదు. తల్లి పడే ఆ అవస్థ చూసే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చేత్తో ఆసు పోస్తుంటే ప్రతి పూటా సాగుతూనే ఉంటుంది. కానీ అదే పని పదేళ్లు చేసిన మనిషిని ఆ పదేళ్లలో ఏమేం జరిగాయని అడిగితే రెండు మాటల్లో ముగుస్తుంది. ఎందుకంటే ఒక చీరకు పోసిన ఆసు నుంచి ఇంకో చీరకు పోసిన ఆసును విడదీసి గుర్తుపెట్టుకోవడానికి ఆనవాలు ఏదీ లేదు. గడుస్తున్నప్పుడు కొండంత, గడిచాక గుప్పెడు. తీర్థానికో జాతరకో పోయిన మూడు రోజులు దీనికి తలకిందులు. అక్కడ ఉన్నంతసేపూ పొద్దు ఇట్టే పోతుంది, ఇంటికొచ్చి తలచుకుంటే వారం రోజులు తిరిగినట్టుంటుంది.

వయసుతో వచ్చే తేడా ఎక్కువగా ఈ రెండో కాలంలోనిది. అందుకే ఎవరూ “నాకిప్పుడు గంట తొందరగా అయిపోతోంది” అనరు, “ఏండ్లు ఎటు పోయినయో” అంటారు.

జ్ఞాపకం ఎలా కొలుస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం సంఘటనలను చోటుతో, క్రమంతో కలిపి దాచడంలో ముఖ్యమైన పని చేస్తుంది. మెదడు రోజును ఆగని ప్రవాహంగా దాచదు, ముక్కలు చేసుకుంటుంది. చోటు మారినప్పుడు, మనుషులు మారినప్పుడు, అనుకున్నది జరగనప్పుడు ఒక ముక్క ముగిసి ఇంకొకటి మొదలవుతుంది. ముందే తెలిసినదే తెలిసినట్టు జరిగితే కొత్త ముక్క పుట్టదు. ఉన్న మూసలోనే కలిసిపోతుంది. ఇది లోపం కాదు. ఇరవయ్యోసారి పత్తి విత్తేటప్పుడు మొదటిసారంత ఆలోచించాల్సి వస్తే ఏ రైతూ ఎకరం దాటలేడు. పని నేర్చుకోవడమంటేనే వివరాన్ని వదిలేయగలగడం. ఆ వదిలేసిన వివరంతో పాటు ఏడాది పొడవు కూడా పోతుంది, నేర్పుకు చెల్లించే ధర అది.

మొదటి వానకాలం పంట గురించి రైతును అడిగితే ఏ దుకాణంలో విత్తనాలు కొన్నాడో, మొలకలు ఎన్ని చచ్చాయో, ఎవరి నాగలి అడిగి తెచ్చుకున్నాడో చెబుతాడు. పదిహేనో పంట గురించి అడిగితే, ఆ ఏడు కరువో వరదో గులాబీ పురుగో లేకపోతే, ముందువెనకల పంటలతో కలిపేసి చెబుతాడు. బొంబాయి, పూణే దారి పట్టిన పాలమూరు వలస కూలీల సంగతీ అంతే. మొదటిసారి ఎక్కిన బస్సు, మొదటి మేస్త్రీ, మొదటి గుడిసె కళ్ల ముందుంటాయి. తర్వాతి ఏళ్లలో ఏ పని ఏ ఏడాది, ఏ నగరంలో అన్నది ముద్దగా మారుతుంది. నడుమ ఊరికి వచ్చిపోయిన పండుగలే ఆ ఏళ్లకు మిగిలిన గుర్తులు.

నడివయసు దాటినవారిని జీవితంలోంచి ఏదో ఒక సంగతి చెప్పమంటే పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్యవి ఎక్కువగా వస్తాయని ఎన్నో దేశాల్లో చూశారు. కారణం దాచినదేమీ కాదు. పదో తరగతి పరీక్షలు, ఊరు విడిచి హాస్టల్‌కు పోవడం, తొలి జీతం, పెళ్లి, మొదటి కాన్పు, సొంత ఇల్లు, ఇవన్నీ దాదాపు ఆ ఇరవై ఏళ్లలోనే కిక్కిరిసి ఉంటాయి. ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో “మొదటిసారి” అనదగ్గవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఏళ్లు రెండు వైపులా ఇరవయ్యే, తలచుకోవడానికి దొరికే సరుకు మాత్రం సమానం కాదు.

గుర్తులు లేకపోతే కాలం ఎంత కుంచించుకుపోతుందో మిషెల్ సిఫ్ర్ అనుభవం చెబుతుంది. ఈ ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త 1962లో ఆల్ప్స్ పర్వతాల్లోని ఒక మంచు గుహలో రెండు నెలలు గడియారం లేకుండా ఒంటరిగా ఉన్నాడు. నిద్ర లేచినప్పుడూ తిన్నప్పుడూ పైనున్నవారికి ఫోన్‌లో చెప్పేవాడు, వాళ్లు మాత్రం వేళ చెప్పేవారు కాదు. సెప్టెంబర్ 14న గడువు ముగిసిందని చెబితే నమ్మలేదు. అతని లెక్కలో అప్పటికి ఆగస్టు 20. అంటే 25 రోజులు లెక్కలోకే రాలేదు. చీకటి, చలి, ఒకే గుడారం, పొద్దు పొడుపు లేదు, మారే మనిషి లేడు. లోపల ఉన్నంతసేపూ ఎంత దుర్భరంగా సాగినా, వెనక్కి కూడితే రోజులు తగ్గాయి.

పాతకాలపు సాగు పంచాంగంలో ఏడాదికి 27 కార్తెలు. ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు, జూన్ మొదటి పక్షం ముగిసేలోగా మృగశిర వస్తుంది, ఆరుద్రకు విత్తనం సంగతి చూడాలి. ప్రతి కార్తెకూ వేరే మొగులు, వేరే పని, వేరే తిండి. ఏడాదికి ఇరవై ఏడు పట్టుకొమ్మలు దొరికేవి. నెలజీతపు ఉద్యోగికి మిగిలింది పన్నెండు నెలాఖర్లు, అవి కూడా ఒకదానికొకటి నకళ్లు. పాతకాలం మనుషులకు ఏళ్లు నిజంగానే పొడవుగా అనిపించేవని దీన్నిబట్టి ఖాయంగా చెప్పలేం, వాళ్లను ఎవరూ అడిగి రాసిపెట్టలేదు. కానీ విభజన ఎంత సన్నగా ఉంటే జ్ఞాపకానికి పట్టు అంత ఎక్కువ దొరుకుతుందన్నది మాత్రం తెలిసిన విషయమే.

తేదీల విషయంలో జ్ఞాపకం చేసే తప్పుకు ఒక పద్ధతి ఉంది, దాన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒక కాగితం మీద పది సంఘటనలు రాయాలి, పక్కన తేదీ రాయకూడదు. పాలమూరు, నల్లగొండ వైపు ఇళ్లకైతే ఇవి పనికొస్తాయి: కృష్ణకు పెద్ద వరద వచ్చి అలంపూర్ మునిగినది, తెలంగాణ రాష్ట్రం వచ్చినది, పెద్దనోట్ల రద్దు, జిల్లాల విభజన, నారాయణపేట జిల్లా ఏర్పాటు, జనతా కర్ఫ్యూ, యాదాద్రి గుడి తిరిగి తెరిచినది. వాటికి ఇంటి సంగతులు మూడు కలపాలి. బోరు వేసినది, బండి కొన్నది, దగ్గరివాళ్ల పెళ్లి లాంటివి, కాగితంతో సరిచూసుకోగలిగినవి. ఇంట్లో ఒక్కొక్కరూ విడిగా, ఒకరినొకరు అడక్కుండా, “ఎన్నేళ్ల ఎన్ని నెలల కిందట?” అన్నదానికి జవాబు రాయాలి. తర్వాత సరిచూడాలి. వరద 2009 అక్టోబర్ మొదట్లో. రాష్ట్రం 2014 జూన్ 2. జిల్లాల విభజన 2016 అక్టోబర్ 11, నోట్ల రద్దు అదే ఏడు నవంబర్ 8. నారాయణపేట 2019 ఫిబ్రవరి 17. జనతా కర్ఫ్యూ 2020 మార్చి 22. యాదాద్రి 2022 మార్చి 28.

సాధారణంగా రెండు రకాల తప్పులు వస్తాయి. మూడేళ్లకు పైబడిన సంఘటనలను మనసు ముందుకు లాగుతుంది, అవి అసలు కంటే దగ్గరవిగా తోస్తాయి. అంతకంటే కొత్తవాటిని వెనక్కి నెడుతుంది. దూరపువి దగ్గరైతే “అప్పుడే ఇన్నేళ్లయిందా!” అన్న ఉలికిపాటు తప్పదు. ఇంకో సంగతి, ఎంత స్పష్టంగా గుర్తుంటే అంత దగ్గరగా అనిపిస్తుంది. నోట్ల రద్దు రోజుల్లో బ్యాంకు ముందు నిలబడ్డ వరుస కళ్లకు కట్టినట్టుంటే దాని వయసు తగ్గిపోతుంది. అయితే ఈ పరీక్ష చెడిపోయే చోట్లు కూడా ఉన్నాయి. రాష్ట్రావతరణ తేదీ ప్రతి జూన్‌లోనూ వింటాం కాబట్టి అది జ్ఞాపకం కాదు, పాఠం. దానిమీద తప్పు రాకపోతే ఆశ్చర్యపడనక్కర్లేదు. నోట్ల రద్దును జిల్లాల విభజనతో ముడిపెట్టి లెక్క కట్టినవారికి కూడా సరైన జవాబే వస్తుంది. ఆలోచించి కూడుకోకుండా మొదట తోచింది రాస్తేనే అసలు తప్పు బయటపడుతుంది.

ఈ ముడిపెట్టడమే పెద్దల నుంచి తేదీలు రాబట్టే సరైన దారి. జనన నమోదు లేని తరానికి వయసు చెప్పమంటే అరవై, అరవై ఐదు, డెబ్బై అని సున్నాతోనో ఐదుతోనో ముగిసే అంకెలే వస్తాయి. “పోలీసు చర్య నాటికి నువ్వు పశువులు కాయబోతున్నవా?” అని అడిగితే 1948 సెప్టెంబర్ పట్టుకోవచ్చు. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న, కాల్వలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. ఆయకట్టు ఊళ్లలో “కాల్వ రాకముందా, వచ్చినంకనా?” అన్న ప్రశ్నకు వచ్చేంత నమ్మకమైన జవాబు “ఏ సంవత్సరం?” అన్నదానికి రాదు. కుటుంబ చరిత్ర రాసుకునేవాళ్లు పుష్కరాలను కూడా వాడుకోవచ్చు, పన్నెండేళ్ల కొలబద్ద ముందే గీసి ఉంది: 2004, 2016, ఇక 2028. పెద్దమనిషి మొదటి జవాబు చెప్పగానే సరిదిద్దకూడదు; దిద్దితే ఆ తర్వాతివన్నీ అడిగినవారికి నచ్చేట్టు చెబుతారు.

జ్ఞాపకం వాదం ఇంత బలంగా ఉన్నా అన్నీ దానితోనే తేలవు. విలియం ఫ్రీడ్‌మన్, స్టీవ్ జాన్సెన్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఏళ్లు తొందరగా గడిచాయనడానికి బాగా ముడిపడి కనిపించింది తీరిక లేదన్న భావన. చేయాల్సినవాటికి సమయం చాలడం లేదన్నవాళ్లకు పోయిన కాలం వేగంగా తోచింది. జపాన్‌లో అడిగినప్పుడూ ఇలాంటి ఫలితమే వచ్చింది. వేగం యాభైల దాకా పెరిగి ఆగడానికి ఇది బాగా సరిపోతుంది. మనిషి మీద బాధ్యతలు ఎక్కువగా ఉండేది ఆ వయసులోనే. ఒక మామూలు ఇంటిని చూడండి. సంఘం అప్పు కిస్తీ నెలకోసారి, చిట్టీ నెలకోసారి, బండి కిస్తీ ఇంకో తేదీన, బడి ఫీజు మూడు విడతలు, పంట రుణం ఏడాదికోసారి తిరగరాయాలి. మనసు ఎప్పుడూ వచ్చే గడువు మీదే ఉంటుంది. గడువు దాటగానే ఊపిరి పీల్చుకునేలోపు ఇంకొకటి. నడుమ ఉన్న రోజులకు ధ్యాసా దక్కదు, జ్ఞాపకమూ మిగలదు. నా అంచనాలో తీరిక లేకపోవడం, మార్పు లేకపోవడం రెండు వేరు కారణాలు కావు. నడివయసులో రెండూ ఒకే రోజును చెరో వైపునుంచి కొరుకుతాయి.

ఒంట్లోని గడియారం సంగతి కూడా చెప్పుకోవాలి. హడ్సన్ హోగ్లాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1933లో, జ్వరంతో ఉన్న భార్యను మనసులో నిమిషం లెక్కపెట్టమన్నాడు. ఒంటి వేడి పెరిగేకొద్దీ ఆమె నిమిషాన్ని ముందుగానే ముగించింది. లోపలి టిక్కులు వేగం పుంజుకున్నాయన్నమాట. లోపలి గడియారం వేగంగా నడిస్తే బయటి కాలం సాగుతుంది. జ్వరం రాత్రి తెల్లారకపోవడానికి ఇదొక కారణం. 1990ల్లో పీటర్ మాంగన్ అనే పరిశోధకుడు మూడు నిమిషాలు అయ్యాయనిపించినప్పుడు చెప్పమంటే యువకులు సగటున 3 నిమిషాల 3 సెకన్లకు, అరవై దాటినవారు 3 నిమిషాల 40 సెకన్లకు చెప్పారు. పెద్దవారి లోపలి గడియారం మెల్లగా నడుస్తుంటే బయటి కాలం వారిని దాటి ఉరికినట్టుంటుంది. డోపమైన్ అనే రసాయనం ఈ లెక్కలో పాలుపంచుకుంటుందని, పార్కిన్సన్స్ జబ్బులో ఇలాంటి అంచనాలు దెబ్బతింటాయని తెలుసు. అయినా ఇది నిమిషాల సంగతి. తరువాతి అధ్యయనాలన్నిటిలోనూ ఇంత తేడా రాలేదు. పదేళ్లను ఎవరూ లోపలి టిక్కులతో కొలవరు కాబట్టి అసలు ప్రశ్నకు ఇది పక్కదారి.

ప్రయత్నించి చూడాలనుకుంటే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, తెర కిందికి బోర్లించి, నిమిషం అయిందనిపించినప్పుడు ఆపాలి. ఐదుసార్లు చేసి, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా పేర్చి, నడుమ వచ్చిన విలువ తీసుకోవాలి. ఒక్కసారి చేసిన దానికి విలువ లేదు. మనసులో అంకెలు లెక్కపెడుతూ ఒకసారి, లెక్కపెట్టకుండా ఇంకోసారి వేరువేరుగా రాయాలి, ఎందుకంటే అంకెలు లెక్కపెట్టేవారు కొలిచేది నాలుక వేగాన్ని. ప్రతిసారీ ఫలితం చూసుకుంటే తర్వాతి ప్రయత్నం దాన్ని దిద్దుకుంటుంది, కాబట్టి ఐదూ పూర్తయ్యాకే వేరొకరు చదివి చెప్పాలి. టీ తాగిన వెంటనే, ఎండలో నడిచి వచ్చిన వెంటనే చేయకూడదు.

భయంలో కాలం ఆగినట్టుండటానికి కూడా జ్ఞాపకమే కారణమని డేవిడ్ ఈగల్‌మన్ బృందం 2007లో చూపింది. 31 మీటర్ల ఎత్తునుంచి వల మీదికి వెనక్కి పడినవారు తమ పతనం ఇతరుల పతనం కంటే సగటున 36 శాతం ఎక్కువసేపు సాగిందన్నారు. పడుతుండగా చేతికి కట్టిన పరికరంలో వేగంగా మారే అంకెలను మాత్రం మామూలు కంటే ఎక్కువగా చదవలేకపోయారు. చూపు వేగం పెరగలేదు. దాచుకున్న వివరం పెరిగింది.

ఇవన్నీ తెలిశాక ఏడాదిని పొడిగించుకోవచ్చా? వెనక్కి చూసే ఏడాదినైతే కొంతవరకు పొడిగించుకోవచ్చు. అన్నిటికంటే చవకైనది రోజుకో వాక్యం రాయడం. ఒక నోటుబుక్కులో తేదీ, ఆ కింద ఆ రోజుకే చెందిన ఒక్క వివరం: “సంతలో మామిడి అల్లం దొరికింది”, “ఎదురింటి గేదె ఈనింది”. దీన్ని పాడుచేసేవి రెండు. “మామూలే”, “పని ఎక్కువ” అని రాయడం ఒకటి, అది జ్ఞాపకానికి పట్టు కాదు. రాసి మళ్లీ చూడకపోవడం రెండోది. నెలకోసారి వెనక్కి తిప్పి చదివితేనే ఆ రోజులు విడివిడిగా నిలుస్తాయి. ఫోన్‌లో వేలకొద్దీ ఫొటోలు ఉండి కూడా ఉపకారం జరగనిది ఇందుకే. నెలకు పది ఎంచి అచ్చు తీయించడమో, వేరే ఫోల్డర్‌లో పెట్టి ఇంట్లోవాళ్లతో కలిసి చూడడమో మేలు. రీల్స్ చూస్తూ గంట గడిపితే ధ్యాస అందులో మునిగిపోయి ఆ గంట ఇట్టే పోతుంది, వెనక్కి చూస్తే ఒక్క ముక్కా నిలవదు. రెండు కాలాల్లోనూ నష్టమే.

చోటు మార్చడం బాగా పనిచేస్తుంది, దూరం పోనక్కర్లేదు. ఏడాదికొక పెద్ద యాత్ర కంటే రెండు నెలలకొకసారి చేసే ఒక పూట ప్రయాణం ఎక్కువ గుర్తులు ఇస్తుంది, ఏడాదికి ఆరు పట్టుకొమ్మలు. నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే స్తంభపు నీడ పొద్దు తిరిగినా కదలదు. పిల్లలను ఉదయం, మధ్యాహ్నం రెండుసార్లు చూపిస్తే అనుకున్నది జరగకపోవడం వాళ్ల మనసులో నాటుకుంటుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి, దేవరకొండ కోట, వనపర్తి దగ్గర సరళాసాగర్, అలంపూర్ గుళ్లు ఇలాంటివే. కొత్త పని నేర్చుకోవడం ఇంకా మంచిది, ఎందుకంటే అది ఒక్క పూటతో ముగియదు. అరవై ఏళ్ల వయసులో ఈత, కుట్టుమిషన్, బత్తాయికి అంటు కట్టడం, ఏదైనా సరే మొదటి మూడు నెలలు తప్పులతో నిండి ఉంటాయి. ఆ తప్పులే గుర్తులు.

రిటైరైనవారికి ఇంకో ఇబ్బంది. సర్కారు బడి పంతులుకు నలభై ఏళ్లపాటు జూన్‌లో బడులు తెరవడం, దసరా సెలవులు, పరీక్షలు, ఏప్రిల్ చివరి రోజు అని ఏడాది దానంతటదే ముక్కలయ్యేది. పదవీ విరమణతో ఆ గీతలన్నీ ఒక్కసారే చెరిగిపోతాయి. మంగళవారానికీ శుక్రవారానికీ తేడా ఉండదు. వారంలో ఏ రోజు ఏ పని అన్నది సొంతంగా గీసుకోకపోతే రోజు సాగుతుంది, ఏడాది జారుతుంది, రెండు వైపులా చెడు.

ఇక్కడ ఇంట్లోవాళ్లు ఒక తేడా గమనించాలి. “ఏండ్లు ఉరుకుతున్నయ్” అనే పెద్దమనిషి గురించి దిగులుపడాల్సిన పని లేదు. “దినం గడుస్తలేదు” అని మళ్లీ మళ్లీ అనే మనిషి గురించి పడాలి. కాలం మెల్లగా సాగడం నొప్పికీ, ఒంటరితనానికీ, దిగులు జబ్బుకూ తోడుగా వచ్చే లక్షణం; నిద్ర, ఆకలి కూడా తగ్గితే రెండు వారాలు దాటకుండా డాక్టరుకు చూపించాలి. అసలు ఇది ఏ నెలో, ఏ పూటో, తానెక్కడున్నదో తెలియకపోవడం పూర్తిగా వేరే సంగతి. అది మెల్లగా నెలల తరబడి పెరిగితే మతిమరుపు జబ్బు కావచ్చు. థైరాయిడ్, బి12 విటమిన్ లోపం లాంటి సరిచేయగలిగిన కారణాలు కూడా ఉంటాయి కాబట్టి రక్తపరీక్ష చేయించాలి. అదే గందరగోళం గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో ముంచుకొస్తే, ముఖ్యంగా ఎండాకాలంలో, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీళ్లూ సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వడదెబ్బ, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వయసు మీదపడిందిలే అని ఊరుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి, వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట పెట్టుకుని.